ఆకు కొలతకు కోసిన ఎక్స్‌రే

మా అవ్వ తన ఛాతీ ఎక్స్‌రేను కత్తెరతో పద్నాలుగు ముక్కలు చేసిందని తెలిసిన రోజు నేను అరిచిన అరుపు సందు చివరి కిరాణా కొట్టు దాకా వినిపించిందట. ఆ కొట్టతనే తర్వాత చెప్పాడు. సిగ్గుపడాల్సిందే, కానీ ఆ రోజు నాకు సిగ్గుపడే తీరిక లేదు. డాక్టరు తెమ్మన్నది ఆ ఎక్స్‌రేనే.

అవ్వ అంటే మా వైపు అమ్మే, నానమ్మ కాదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక ఇరుకు సందులో మేమిద్దరమే ఉంటాం. మా నాన్న, బాపు, పోయి చాలా ఏళ్లయింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అవ్వ బీడీలు చుడుతూనే ఉంది, దగ్గుతూనే ఉంది. ఈసారి దగ్గు నెల దాటినా తగ్గలేదు. "తంబాకు దగ్గు బిడ్డా, మాకందరికి ఉండేదే" అంటున్నా వినకుండా ఆటో ఎక్కించి, రెండు వీధుల అవతల ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే తీయించి, ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి, పెన్ను మొనతో ఒకచోట చూపించాడు.

"ఇగో, కుడి దిక్కు, పైన. ఈ తెల్ల మచ్చ. అమ్మా, నీకు ఎప్పుడన్న టీబీ అయిందా?"

"లేదు సారూ" అంది అవ్వ, ప్రశ్న పూర్తి కాకముందే.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. మచ్చ పాతదైతే ఫికర్ లేదు. కొత్తదైతే మాత్రం హైదరాబాద్ పోవాలి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. పేరు చెప్పలేదు కానీ ఏ జబ్బు గురించి అంటున్నాడో నాకు అర్థమైంది. "పాత ఎక్స్‌రే ఏదన్న ఉంటే ముందు అది తెండి. రెండు పక్కపక్కన పెట్టి చూస్తే సగం సంగతి తేలిపోతది" అన్నాడు. మూడేళ్ల కిందట అవ్వకు పిత్తాశయంలో రాళ్లు తీశారు. అప్పుడు ఛాతీ ఫిల్ము తీసిన సంగతి నాకు గుర్తుంది. "ఉంది సార్, రేపే తెస్తాను" అన్నాను ధీమాగా.

నా ధీమాకు కారణం ఉంది. నేను బతికేదే పాత ఎక్స్‌రేల మీద.

బోధన్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మిగిలిన వేళల్లో పీహెచ్‌డీ చేస్తాను. మిగిలిన వేళలంటే ఖాళీ పీరియడ్లు, ఆదివారాలు, నిజామాబాద్ బస్సు. నేను వెతికేవి క్వేజార్లు. గెలాక్సీ నడుమ ఉండే పెద్ద కృష్ణబిలంలోకి వాయువు సుడి తిరుగుతూ పడేటప్పుడు విపరీతంగా వేడెక్కి, ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నిటినీ మించి వెలుగుతుంది. అదే క్వేజార్. నావి ఇంకా పాతకాలపువి. విశ్వం పుట్టి వంద కోట్ల ఏళ్లు కూడా నిండనప్పటివి. అందులోనూ దుమ్మూ వాయువూ దట్టంగా కప్పేసినవి. మామూలు వెలుగు ఆ ముసుగు దాటి రాదు. బలహీనమైన ఎక్స్‌రేలు కూడా లోపలే ఇంకిపోతాయి. బలమైనవి కొన్ని మాత్రం చీల్చుకుని బయటపడతాయి. విశ్వం సాగిపోతూ ఉండడం వల్ల దారి పొడవునా వాటి బలం తగ్గుతూ వచ్చి, మన దాకా చేరేసరికి టెలిస్కోపు పట్టుకోగలిగేంత మెత్తబడతాయి. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఒక్కచోటికే గురిపెట్టి రోజంతా చూస్తే, అలాంటి ఒక క్వేజార్ నుంచి అందేది ఏడెనిమిది కణాల ఎక్స్‌రే. ఏడెనిమిది వేలు కాదు, ఏడెనిమిదే.

ఆ ఏడెనిమిదింటిలో నిజంగా అక్కడి నుంచి వచ్చినవి ఏవి, దారినపోయే దానయ్యలు ఏవి అని తేల్చడం నా పని. ఎప్పుడో ఎవరో వేరే పని మీద తీసిన పరిశీలనలు ఆర్కైవులో ఉంటాయి. వాటిని దించుకుని, అదే చోట అప్పుడూ ఏమైనా ఉందా అని చూస్తాను. అప్పటికీ నమ్మకం కుదరకపోతే 'ఉంది' అని రాయను. ఈ విషయంలో హైదరాబాద్‌లో ఉండే మా గైడు సారుకూ నాకూ పడదు. "ఏడు కణాలు చాలమ్మా, రాసెయ్" అంటారు. నేను రాయను. నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పడం నాకు చేతకాదు. మొండిఘటం అని ఆయన నాకు పెట్టిన పేరు.

క్లాసులో ఒక సంగతి ఎప్పుడూ ఉత్సాహంగా చెప్పేదాన్ని. అంత తక్కువ కాలంలో అంత పెద్ద కృష్ణబిలాలు ఎలా తయారయ్యాయో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎక్కువ పెరుగుదల ముసుగు వెనకే జరిగి ఉంటుందని ఒక ఊహ. ఎవరికీ కనిపించకుండా తింటూ, పెరుగుతూ, ముసుగు తొలగే నాటికి రాక్షసిలా తేలతాయన్నమాట. ఆ రోజు ఆటోలో, ఒళ్లో కొత్త ఫిల్ము కవరు, పక్కన దగ్గుతున్న అవ్వ, నా బుర్రలో అదే ఊహ. 

ఇంటికి రాగానే బీరువా పైన వెతికాను. మంచం కింద వెతికాను. పాత కవరు దొరికింది. అందులో ఫిల్ము లేదు.

"అవ్వా, గా రాళ్ల ఆపరేషన్ అప్పటి ఎక్స్‌రే ఏడబెట్టినవ్?"

అవ్వ అప్పటికే చాట ముందేసుకుని కూర్చుంది. తడి గోనె విప్పి తునికాకు తీస్తోంది. తల ఎత్తలేదు.

"కోసిన."

"ఏం కోసినవ్?"

"గదే. ఎక్స్‌రే. ఆకు కొలతకు."

తునికాకును బీడీ కొలతకు కత్తిరించాలంటే ఆకు మీద చిన్న రేకు ముక్క పెట్టి దాని అంచు వెంట కత్తెర తిప్పుతారు. తడికి రేకు తుప్పు పడుతుంది, వేలు కోసుకుంటుంది. ఫిల్ముకు తుప్పు లేదు, పదును లేదు, ఆకు మీద జారదు. అవ్వ నాలుగు ముక్కలు తనకు ఉంచుకుని, మిగతావి మధ్యాహ్నాలు పక్కింటి అరుగు మీద కలిసి కూర్చుని చుట్టే ఆడవాళ్లకు పంచిందట. అందరూ మెచ్చుకున్నారట. నేను అరిచింది అప్పుడే. పదమూడు వందల కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన ఒక్క కణం పోతే ప్రాణం పోయినట్టు గిలగిలలాడేదాన్ని, అలాంటిది నా ఇంట్లోనే, నా తల్లి ఫిల్ము ఆకులు కోయడానికి పోయింది. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

"ఊకె లొల్లి జేయకు. దగ్గే గదా, ఏం గాదు" అంది అవ్వ.

"ముక్కలన్నీ తెస్తా."

"ఆళ్ల చేతులల్లకెళ్లి గుంజుకొస్తవా? ఇజ్జత్ పోతది. ఊకో."

ఆమె గొంతులో ఏదో గట్టిదనం ఉంది. మొండితనం నాకు ఎవరి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి అదేననుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం దాకా ఆగి, పక్కింటి అరుగు ఎక్కాను. ఏడుగురు ఆడవాళ్లు, ఒళ్లో చాటలు. అవ్వ ఆ రోజు రాలేదు. డాక్టరు పాత ఎక్స్‌రే అడిగాడని, ముక్కలు కావాలని చెప్పాను. అంతే, వేళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అవి ఆగడం నేను ఎన్నడూ చూడలేదు. మాట్లాడుతూ, నవ్వుతూ, తిట్టుకుంటూ కూడా చుట్టే వేళ్లు అవి.

ఒక్కొక్కరూ తమ ముక్క తీసి నా చేతిలో పెట్టారు. పక్కింటి అక్క తనది కొంగుతో తుడిచి ఇచ్చింది. తర్వాత ఆమే అడిగింది.

"బిడ్డా, నువ్వు గా ఎక్స్‌రేల సదువే సదువుకున్నవు గదా. దగ్గు మాకందరికి ఉన్నది. మేం గూడ తీపియ్యాలెనా?"

"తీపిస్తే మంచిది అక్కా" అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను. నేను చదివింది ఆ ఎక్స్‌రేలు కాదని ఆ అరుగు మీద ఎలా వివరించను?

ఇంట్లో అవ్వ దగ్గరివి నాలుగూ కలిపి, కిటికీ అద్దానికి ముక్కలు ఒక్కొక్కటీ టేపుతో అంటించాను. ఫిల్ము రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తిరగేస్తే కుడి ఎడమ అయిపోతుంది. గుండె నీడ ఎటు వాలిందో చూసి సరిచేసుకున్నాను. పక్కటెముకలు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు కలుస్తుంటే వేలితో వెంబడించాను. అన్నిటి మీదా తునికాకు రసం మరకలు, తంబాకు దుమ్ము. తడి గుడ్డతో తుడిచినా కొన్ని పోలేదు. ఏది మరక, ఏది మచ్చ? ఇదే ప్రశ్నతో ఆరేళ్లుగా బతుకుతున్నాను. ఇప్పుడు అదే ప్రశ్న అవ్వ ఊపిరితిత్తుల మీద పడింది.

నాకు ఛాతీ ఎక్స్‌రే చదవడం రాదని కూడా అప్పుడే తెలిసింది. నా చిత్రాల్లో ఎక్స్‌రే అందినచోట వెలుగు. ఫిల్ములో అందినచోట నలుపు, అడ్డం పడినచోట తెలుపు. తెలిసిన సంగతే, కానీ నా కళ్లు వినడం లేదు. తెల్లగా కనిపించిన ప్రతిచోటా ఏదో మండుతోందనిపించింది. ఎముక తెలుపు చూసి ఉలిక్కిపడ్డాను. గుండె తెలుపు చూసి ఉలిక్కిపడ్డాను. తాడును చూసి పామనుకోవడం అంటే ఏమిటో ఆ మధ్యాహ్నమంతా అనుభవించాను.

రెండు అంచు ముక్కలు పొయ్యిలో పోయాయట. వాటి అవసరం లేదు. కావాల్సింది ఒక్కటే, కుడి వైపు పైముక్క. అద్దం మీద సరిగ్గా అక్కడే ఖాళీగా ఉంది. దానిలోంచి ఎదురింటి గోడ కనిపిస్తోంది.

"గీ ముక్క ఎవలకిచ్చినవ్ అవ్వా?"

అవ్వ మూడు బీడీలు చుట్టింది. "యాదికి లేదు."

యాదికి ఉన్నది పక్కింటి అక్కకు. అరుగు చివర కూర్చునే ఒక ముసలామె రెండేళ్ల కిందట బోధన్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. "గామెకే ఇచ్చింది మీ అవ్వ. పిలిచి మరీ ఇచ్చింది" అంది అక్క.

ఆ సాయంత్రం మనసు మళ్లించుకుందామని ల్యాప్‌టాప్ తెరిచాను. నా క్వేజార్ తెర మీదే ఉంది, నలుపు మీద ఏడు చుక్కలు. ఏడింటిలో అయిదు బలమైన ఎక్స్‌రేలు. ముసుగు మందంగా ఉన్నప్పుడు ఉండాల్సిన తీరే అది. నెల రోజులుగా వాటిని చూసి మురిసిపోతున్నాను. ఇప్పుడు చూస్తే, దుమ్ము వెనక దాక్కుని పెరిగిన ఒక మచ్చ. అంతే కనిపించింది. మూత వేసేశాను.

మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. రోజూ వెళ్లే దారే. చెరుకు కొట్టే రోజులు, గడలు నింపుకున్న ట్రాక్టర్లు బస్సుకు అడ్డం పడుతున్నాయి. మామూలుగా ఆ ఆలస్యానికి విసుక్కునే నేను, ఇంకా ఆలస్యమైతే బాగుండనుకున్నాను. ముక్క దొరక్కపోతే ఎలా అని ఒక భయం. దొరికితే ఎలా అని ఇంకో భయం. రెండోదే పెద్దది. మచ్చ దాని మీద ఉంటే అవ్వ బతికినట్టు. లేకపోతే ఈ మూడేళ్లలో పుట్టి పెరిగినట్టు.

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. ముసలామె గుమ్మంలోనే ఎండకు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. ఫిల్ము ముక్క పోకుండా దారంతో కత్తెరకు కట్టుకుంది. అడగ్గానే దారం విప్పింది.

"మీ అవ్వ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది అవ్వా."

"ఇది నాకిచ్చుకుంట ఏమన్నదో ఎరుకేనా? 'బోధన్‌లనే ఉంచుకో, మల్ల నిజామాబాద్ తేకు' అన్నది. గింత ముక్కకు గంత మాటేందని నవ్విన."

నాకు ఆ మాట గురించి ఆలోచించే ఓపిక లేదు. ముక్కను రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టాను. చూడలేదు. బస్సులో కిటికీ పక్కనే సీటు దొరికింది, ఎండ దండిగా ఉంది, ఎత్తి పట్టుకుంటే చాలు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏది కనిపిస్తే 'ఉంది' అనాలో ముందే తేల్చుకుని ఆ తర్వాతే చూడాలి, లేకపోతే కన్ను తనకు కావలసింది చూస్తుంది. ఆ పద్ధతి పాటిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. నాకు ధైర్యం చాలలేదు. బ్యాగు మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాను, పక్కన కూర్చున్నామె "జరమొచ్చిందా అమ్మా" అని అడిగింది.

బస్టాండు నుంచి నేరుగా ఇంటికి వచ్చి, అద్దం మీది ముక్కలన్నీ ఒక అట్ట మీదికి మార్చి, అవ్వను తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను.  ముక్క దొరికిందని చెప్పినప్పుడు అవ్వ "దొరికిందా" అని మాత్రం అంది.

"ఏందమ్మా ఇది, బొంత కుట్టినట్టున్నది" అని డాక్టరు నవ్వాడు. ముక్కల్ని లైటు పెట్టె మీద పేర్చి, చివరిది నా చేతిలోంచి తీసుకుని ఖాళీలో పెట్టాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. స్కేలు తీసిన చప్పుడు వినిపించింది. పాత దాని మీద పెట్టాడు. కొత్త దాని మీద పెట్టాడు. మళ్లీ పాత దాని మీద.

"అదే మచ్చ. అంతే ఉన్నది, పెరగలేదు. మానిపోయిన టీబీ గుర్తు ఇది. దగ్గుకు మందు రాస్తా, ఆర్నెల్లకు మల్ల ఒకసారి చూద్దాం." అప్పుడు అవ్వ వైపు తిరిగాడు. "టీబీ కాలేదన్నవ్ గదమ్మా?"

అవ్వ కొంగు సర్దుకుని లేచి బయటికి వెళ్లిపోయింది.

బయట బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు, నవ్వు, కోపం ఒకేసారి వస్తున్నాయి. "ఎందుకు చెప్పలేదవ్వా? మూడు రోజులు సచ్చి బతికిన" అన్నాను. అవ్వ నేల చూస్తూ చెప్పింది.

"నువ్వు రెండేండ్లదానివి. దగ్గుతె నెత్తురు వడ్డది. సర్కార్ దవాఖాన్ల గోళీలిచ్చిండ్రు. మీ బాపుకు గూడ చెప్పలే. టీబీదని తెలిస్తె నా బీడీలు ఎవలు తీసుకుంటరు? పొల్లను దూరం ఉంచుమన్నరు. నువ్వు ఒళ్లెకెల్లి దిగకపోదువు. నేను దించలే. ఎనుక నీకు జరం వట్టింది. రెండు నెలలు విడువలే. ఒంట్ల మాంసం కరిగి బొక్కలు తేలినయ్. అందరు దిష్టి అన్నరు. దిష్టి గాదు. నాదే నీకొచ్చింది. నాకెరికే."

చిన్నప్పుడు నాకు పెద్ద జ్వరం వచ్చిందని, దిష్టి తీస్తే తగ్గిందని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. మా అవ్వ ఆ కథ చెప్పగా మాత్రం నేను ఎన్నడూ వినలేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది.

"మరి ఎక్స్‌రే ఎందుకు కోసినవ్?"

"రాళ్ల ఆపరేషన్ అప్పుడు నర్సమ్మ దాని మీద వేలు వెట్టి 'నీకు టీబీ అయింది గదా' అన్నది. నువ్వేమో ఎక్స్‌రేలు సూసే సదువు సదివితివి. ఏడనో మబ్బుల ఎనుక దాసుకున్నయి గూడ నీకు కనవడ్తయని నువ్వే జెప్తివి. నా బొక్కలెనుక ఉన్నది కనవడదా? కనవడితె, గా జరం ఎవలి వల్ల వచ్చిందో నీకు తెలువదా?"

"కాలవెడితే అయిపోతుండె గదా."

"నా రొమ్మును నేనే ఎట్ల కాలవెట్టుకుంట బిడ్డా?"

మూడు రోజుల భయానికే నేను సగమయ్యాను. ఆమె ముప్పై ఏళ్లకు పైగా భయపడింది. అది కూడా జబ్బుకు కాదు, నాకు.  ఆమె చెయ్యి పట్టుకున్నాను. తంబాకు వాసన, తునికాకు రసంతో నల్లబడ్డ వేళ్లు. పిల్లలకు వచ్చే జ్వరాలు వంద రకాలనీ, అది టీబీయే అని ఎవరూ తేల్చలేదనీ ఏదేదో చెప్పాను. ఆమె ఒక్కటీ వినలేదు.

"నీది గూడ తీపియ్యి. గిప్పుడే" అంది.

తీయించుకున్నాను. చల్లని పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టినప్పుడు, నిజంగానే భయమేసింది. తలుపు అవతల అవ్వ దగ్గు వినిపిస్తోంది. డాక్టరు నా ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి, చూసి, ఏమీ లేదన్నాడు. అవ్వ ఆయన మాట నమ్మలేదు. ఫిల్ము లాగి నా చేతికిచ్చింది.

"నువ్వు సూడు. నువ్వు జెప్పు."

పైకెత్తి పట్టుకున్నాను. పక్కటెముకలు, గుండె నీడ, వాటి మధ్య నలుపు. ఎడమ వైపు ఒకచోట కొంచెం తెల్లగా ఉందో, అది ఎముక మలుపో నాకు తెలియలేదు.

"ఏం లేదవ్వా. సాఫ్‌గున్నది" అన్నాను.